కోనసీమ గర్భాన నిప్పు: చమురు, సహజవాయువుల వెలికితీత – వెలుగునీడలు

లూకన్ చరిత్రలో 1758 ఒక ముఖ్యమైన సంవత్సరం. లిఫీ నది ఒడ్డున ఉన్న ఈ ఊళ్ళో ఆ ఏడు గంధకపు నీటి ఊట ఒకటి బయటపడింది. కుళ్ళిన కోడిగ్రుడ్డు వాసన వేసే ఆ నీటిని సేవిస్తే రోగాలు నయమవుతాయన్న నమ్మకంతో డబ్లిన్ నగరపు సంపన్నులు బండ్లు కట్టించుకొని ఇక్కడికి వచ్చేవారు. లూకన్ ఒకనాడు ఆరోగ్యక్షేత్రంగా పేరు తెచ్చుకున్నది ఆ ఊట వల్లనే. ఆ వాసనకు కారణం హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు. నీటిలో లేశమాత్రంగా కరిగి ఉన్నప్పుడు అది ఔషధమనిపించుకున్నది. అదే వాయువు కొన్ని చమురుబావుల వద్ద గాఢంగా వెలువడితే నాలుగైదు శ్వాసలలోనే మనిషిని కూలదోస్తుంది. భూగర్భం నుంచి పైకి వచ్చే ప్రతి పదార్థానికీ ఈ రెండు ముఖాలూ ఉన్నాయి. ఏ ముఖం కనబడుతుందన్నది మోతాదు మీద, మనిషి తీసుకునే జాగ్రత్త మీద ఆధారపడి ఉంటుంది.

లూకన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చలికాలంలో గదులు వెచ్చబెట్టుకునేది చాలావరకు సహజవాయువుతోనే. గోడలోని గొట్టం గుండా వచ్చే ఆ వాయువు ఎక్కడ పుట్టిందో, దాని కోసం ఎవరి పెరట్లో బావి త్రవ్వారో ఆలోచించే అవసరం సాధారణంగా రాదు. కాని ఈ కుటుంబాలలో కొందరి తల్లిదండ్రులు, అత్తమామలు ఉంటున్నది రాజోలు, అమలాపురం, మామిడికుదురు, నరసాపురం ప్రాంతాలలో. అక్కడ కొబ్బరితోటల నడుమ చమురు సంస్థల బావులున్నాయి. వరిచేల అడుగున వాయువు గొట్టాలు సాగిపోతున్నాయి. రాత్రివేళ చెట్ల పైన మంటల కాంతి కనిపిస్తూ ఉంటుంది. ఆ బావుల వల్ల దేశానికి కలిగే లాభం కాదనలేనిది. వాటి వల్ల నేలకు, నీటికి, గాలికి, మనిషి ఒంటికి కలిగే నష్టమేమిటో తెలుసుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

భూగర్భంలో జరిగిన వంట

కృష్ణా, గోదావరి నదులు కోట్ల సంవత్సరాలుగా తెచ్చి పోసిన ఒండ్రు, సముద్రతీరంలో పొరలు పొరలుగా పేరుకొని కొన్ని కిలోమీటర్ల మందాన నిలిచింది. ఆ ఒండ్రుతోపాటు పూడిపోయిన సూక్ష్మజీవుల, మొక్కల అవశేషాలు లోతుకు పోయినకొద్దీ వేడికి, ఒత్తిడికి లోనై నెమ్మదిగా మారిపోయాయి. ఆమ్లజని అందని ఆ చోట అవి కుళ్ళిపోక, కర్బనం, ఉదజని మాత్రమే ప్రధానంగా గల హైడ్రోకార్బనులుగా పరిణమించాయి. పెద్ద అణువులు చమురుగాను, చిన్న అణువులు వాయువుగాను ఏర్పడ్డాయి. సహజవాయువులో ప్రధానభాగం మీథేను. ఒక కర్బన పరమాణువు చుట్టూ నాలుగు ఉదజని పరమాణువులు చేరిన అతి చిన్న అణువు అది.

ఈ చమురు, వాయువులు భూమిలో చెరువువలె నిలిచి ఉంటాయని చాలామంది ఊహిస్తారు. అది సరికాదు. స్పాంజిలో నీరు ఇమిడినట్లుగా అవి ఇసుకరాతి రంధ్రాలలో ఇమిడి ఉంటాయి. పైన గట్టి బంకరాతి పొర మూతవలె నిలిచి వాటిని బంధించి ఉంచుతుంది. ప్రతి పది మీటర్ల నీటికి సుమారు ఒక వాతావరణ పీడనం చొప్పున లెక్క వేసినా, 2,500 మీటర్ల లోతున ఉండే ఒత్తిడి 250 వాతావరణాలకు చేరుతుంది. కృష్ణా–గోదావరి బేసిన్‌లో కొన్ని చోట్ల ఒత్తిడి ఈ మామూలు లెక్కను మించి ఉంటుంది. బావి త్రవ్వడమంటే, ఆ ఒత్తిడి మీద ఉన్న మూతకు రంధ్రం చేయడమే.

మంగంపేట రాయి చేసే మేలు

ఆ ఒత్తిడిని అదుపు చేసేది ఒక బురద. బంకమట్టిని నీటిలోనో నూనెలోనో కలిపి, అందులో బెరైటీస్ అనే బరువైన ఖనిజపు పొడిని చేర్చి, ఆ ద్రవాన్ని బావిలోనికి నిరంతరం పంపుతారు. బెరైటీస్ అంటే బేరియం సల్ఫేట్. నీటికంటే నాలుగురెట్లకు పైగా బరువైనది. ప్రపంచంలోని అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాలలో ఒకటి కడప సీమలోని మంగంపేటలో ఉన్నది. మన రాయలసీమ రాయి, దేశదేశాల చమురుబావులలో వాయువును క్రిందికి అణచిపెడుతున్నదంటే ఆశ్చర్యం కలుగుతుంది.

బురద బరువు సరిపోకపోతే వాయువు బావిలోనికి చొరబడుతుంది. పైకి వస్తున్నకొద్దీ ఒత్తిడి తగ్గి అది వ్యాకోచిస్తుంది. వ్యాకోచించిన వాయువు పైనున్న బురదను నెట్టివేస్తుంది. బురద పోయినకొద్దీ వాయువుకు అడ్డు మరింత తగ్గుతుంది. ఈ విషవలయం నిమిషాలలో పూర్తవుతుంది. పైన అమర్చిన కవాటాలు సమయానికి మూసుకోకపోతే బావి బద్దలవుతుంది. దీనినే బ్లోఅవుట్ అంటారు.

పని పూర్తయిన తరువాత ఆ బురద, దానితో పైకి వచ్చిన రాతిపొడి మిగిలిపోతాయి. బేరియం సల్ఫేట్ నీటిలో కరగదు కనుక దాని వల్ల అంత భయం లేదు. దానితో కలిసిన నూనె, క్షారాలు, భారలోహాలే చింతించవలసినవి. వ్యర్థాల గుంటకు అడుగున దళసరి ప్లాస్టిక్ పొర పరచకపోయినా, వర్షాకాలంలో గుంట పొంగినా అవి పక్క పొలంలోనికి, పంటకాలువలోనికి చేరుతాయి.

పాశర్లపూడి: 65 రోజుల మంట

1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద ఓ.ఎన్.జి.సి. త్రవ్వుతున్న బావి బద్దలై అంటుకున్నది. సంక్రాంతికి ఇంకా వారం కూడా లేదు. ఆకాశాన్నంటిన మంట, చెవులు గింగిర్లెత్తించే హోరు కోనసీమ ప్రజలకు పండుగను మరపించాయి. పరిసర గ్రామాలను ఖాళీ చేయించారు. మంటల వేడికి కొబ్బరిచెట్లు మాడిపోయాయి. విదేశీ నిపుణులను కూడా రప్పించి, ఎన్నో ప్రయత్నాలు చేసిన మీదట మార్చి నడిమికి గాని బావి అదుపులోనికి రాలేదు. సుమారు 65 రోజులు ఆ నిప్పు రగులుతూనే ఉన్నది. భారతదేశ చమురు చరిత్రలో అతి తీవ్రమైన బ్లోఅవుట్‌లలో ఒకటిగా అది నిలిచిపోయింది.

ఇటువంటివి గతించిన కాలపు ముచ్చట్లు కావు. 2020 మే 27న అస్సాంలోని బాఘ్‌జాన్‌లో ఆయిల్ ఇండియా సంస్థ బావి బద్దలై, కొద్దిరోజులకు అంటుకున్నది. మంటలను ఆర్పే ప్రయత్నంలో ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. నవంబరు నడిమిలో గాని ఆ మంట పూర్తిగా ఆరలేదు. పక్కనే ఉన్న చిత్తడినేలలు, డిబ్రూ–సైఖోవా అభయారణ్యం ఆ నూనె జల్లును భరించవలసివచ్చింది.

కనబడని ఉప్పు

బ్లోఅవుట్ అరుదు. నిత్యం జరిగేది వేరు. చమురు, వాయువులతోపాటు భూగర్భపు నీరు కూడా పైకి వస్తుంది. పాతబడిన చమురుబావులలో ఒక పీపా చమురుకు మూడు నాలుగు పీపాల నీరు రావడం మామూలు విషయం. కోట్ల సంవత్సరాలు రాతిలో నానిన ఈ నీరు అనేక చోట్ల సముద్రజలం కంటె ఉప్పన. అందులో కరిగిన హైడ్రోకార్బనులు, ఫినాలులు, భారలోహాలు ఉంటాయి. కొన్నిచోట్ల అత్యల్పంగా రేడియం వంటి రేడియోధార్మిక పదార్థం కూడా ఉంటుంది.

శుద్ధి చేసి తిరిగి లోతైన పొరలలోనికి పంపడం ఈ నీటికి సరైన దారి. పొరపాటున గాని, నిర్లక్ష్యం వల్ల గాని అది నేల మీదికి వస్తే ముందుగా దెబ్బతినేది వరి. ఉప్పుకు తట్టుకోలేని పంటలలో వరి ఒకటి. ఉప్పులోని సోడియం మట్టిరేణువులను విడదీసి, నేలను గట్టిపరచి, నీరు ఇంకకుండా చేస్తుంది. నూనె మరక నాలుగేళ్ళకు సూక్ష్మజీవుల దయవల్ల తరగవచ్చు. ఉప్పును తినే సూక్ష్మజీవి లేదు. దానిని మంచినీటితో కడిగివేయవలసిందే. కోనసీమలో భూగర్భజలం చాలా పైననే ఉంటుంది, సముద్రపు ఉప్పు ఇప్పటికే తీరం నుంచి లోనికి చొచ్చుకువస్తున్నది. కాబట్టి అక్కడ నూతిలో ఉప్పదనం పెరిగితే దోషం సముద్రానిదా, బావిదా, రొయ్యల చెరువుదా అన్నది కంటితో చూచి చెప్పడం అసాధ్యం. నీటిలోని క్లోరైడు, బ్రోమైడు, బేరియం పాళ్ళను పోల్చి చూచే రసాయన పరీక్షలతో ఆ గుట్టు చాలావరకు తెలుసుకోవచ్చు.

గోదావరి ముఖద్వారాన ఉన్న కోరింగ మడ అడవులది మరొక సమస్య. మడచెట్లు బురదలోనుంచి పైకి పొడుచుకువచ్చిన శ్వాసవేళ్ళతో గాలి పీల్చుకుంటాయి. నూనెతెట్టు ఆ వేళ్ళకు పూతపడితే చెట్టు ఊపిరాడక చనిపోతుంది. ఆ చెట్ల నీడన పెరిగే చేపపిల్లలు, రొయ్యపిల్లలు కూడా తగ్గిపోతాయి.

ఆరని దీపాలు

వాడుకోవడానికి వీలులేని, లేదా తరలించడం గిట్టుబాటుకాని వాయువును బావి వద్దనే తగులబెడతారు. ప్రపంచబ్యాంకు అంచనా ప్రకారం ఇటీవలి సంవత్సరాలలో లోకమంతటా కలిపి ఏటా సుమారు 15,000 కోట్ల ఘనపు మీటర్ల వాయువు ఇలా బూడిదలో పోసిన పన్నీరవుతున్నది. పూర్తిగా మండితే మీథేను, బొగ్గుపులుసు వాయువుగాను నీటియావిరిగాను మారుతుంది. గాలి వీచినప్పుడు, జ్వాల సరిగా నిలువనప్పుడు మంట అసంపూర్ణమవుతుంది. అప్పుడు మసి, కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్ వెలువడతాయి. కొంత మీథేను మండకుండానే తప్పించుకుపోతుంది. ఇటువంటి మంటలలో వాయువు నూటికి 98 పాళ్ళు నాశనమవుతుందని చాలాకాలం లెక్కించేవారు. అమెరికాలోని మూడు చమురుక్షేత్రాలపై విమానాల నుంచి కొలిచి 2022లో ప్రకటించిన పరిశోధన, నిజానికి అది 91 పాళ్ళేనని తేల్చింది. ఇరవై ఏళ్ళ వ్యవధిలో మీథేను భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువు కంటె 80 రెట్లకు పైబడి ఉంటుంది కాబట్టి ఆ ఏడు పాళ్ళ తేడా చిన్నది కాదు.

లిఫీ ఒడ్డున పుట్టిన విదుషి, బెంజీన్ వలయం

చమురులోను, వాయువుతో వచ్చే తేలిక నూనెలోను బెంజీన్ ఉంటుంది. దీనిని 1825లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆరు కర్బన పరమాణువులు వలయంగా ఒకే తలంలో పరచుకొని ఉంటాయని ఎక్స్‌కిరణాలతో 1929లో నిరూపించినది కాథ్లీన్ లాన్స్‌డేల్. ఆమె జన్మస్థలం కిల్డేర్ కౌంటీలోని న్యూబ్రిడ్జ్. అక్కడి నుంచి పారివచ్చే లిఫీ నదియే లూకన్ పక్కగా సాగి డబ్లిన్ చేరుతుంది.

ఆ అందమైన వలయం మనిషి శరీరంలో చేసే పని మాత్రం అందమైనది కాదు. శ్వాసద్వారా లోనికి పోయిన బెంజీన్‌ను వదిలించుకునే ప్రయత్నంలో కాలేయం దానిని ఇతర పదార్థాలుగా మారుస్తుంది. అవి ఎముకల మజ్జను చేరి, రక్తకణాలను పుట్టించే మూలకణాలను దెబ్బతీస్తాయి. దీర్ఘకాలం దానికి గురైనవారిలో రక్తహీనత, రక్తపు క్యాన్సరు రావచ్చు. బెంజీన్ మనుషులలో క్యాన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. త్రాగునీటిలో బెంజీన్ లీటరుకు 10 మైక్రోగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. ఐరోపా సమాజపు పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రామే. నైజీరియాలోని ఓగోనీ ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2011లో ప్రకటించిన నివేదిక, ఒక ఊరి నూతినీటిలో ఆ సూచనకు 900 రెట్లకు పైగా బెంజీన్ ఉన్నదని వెల్లడించింది. ఆ ఊరివారు ఆ నీటినే త్రాగుతూ వచ్చారు.

మసిరేణువులు ఊపిరితిత్తుల లోతుకు చేరి ఉబ్బసాన్ని, గుండెజబ్బును పెంచుతాయి. గర్భిణుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పెన్సిల్వేనియాలో కిలోమీటరు లోపల వాయువు బావులున్న తల్లులకు తక్కువ బరువుగల శిశువులు పుట్టే అవకాశం పెరిగినట్లు 2017లో వెలువడిన పరిశోధన తెలిపింది. అక్కడి బావులు రాతిని పగులగొట్టి త్రవ్వినవి; కోనసీమ బావులతో వాటిని యథాతథంగా పోల్చరాదు. అయినా దూరం ఎంత ముఖ్యమో ఆ పరిశోధన తెలియజెబుతున్నది.

ఇక హైడ్రోజన్ సల్ఫైడ్. పది లక్షల పాళ్ళ గాలిలో ఒక పాలులో వందోవంతు ఉన్నా దాని వాసన ముక్కు పసిగడుతుంది. కాని వంద పాళ్ళకు చేరేసరికి ఘ్రాణశక్తి స్తంభించిపోతుంది. వాసన పోయింది గనుక ప్రమాదం తొలగిందనుకున్న మనిషి అక్కడే కుప్పకూలుతాడు. ముక్కును నమ్మరాదన్నది చమురుక్షేత్రాలలో మొదటి పాఠం.

నగరం గ్రామం నేర్పిన పాఠం

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలంలోని నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గొట్టం నుంచి లీకైన వాయువు ఒక్కసారిగా అంటుకున్నది. ఇరవై మందికి పైగా మరణించారు. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే కాలిపోయారు. తాటిపాక నుంచి కొండపల్లి వైపు పోయే ఆ గొట్టం లోపలి నుంచి తుప్పు పట్టిందని, తేమ పూర్తిగా తొలగించని వాయువును అందులో పంపడమే దానికి మూలమని విచారణలో తేలింది.

ఇందులోని రసాయనశాస్త్రం గోలీసోడా తాగిన ప్రతివారికీ తెలిసినదే. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగితే పులుపు పుడుతుంది. అదే కార్బానిక్ ఆమ్లం. సహజవాయువులో బొగ్గుపులుసు వాయువు కొంత ఉంటుంది. పొడిగా ఉన్నంతకాలం అది ఉక్కును ఏమీ చేయదు. నీరు తోడైతే, గొట్టపు అడుగుభాగంలో నిలిచిన ఆ పుల్లని చెమ్మ ఏళ్ళ తరబడి ఇనుమును తినివేస్తుంది. గొట్టం పైకి నిగనిగలాడుతూనే ఉంటుంది. గాలిలో మీథేను నూటికి 5 నుంచి 15 పాళ్ళ మధ్య ఉన్నప్పుడు ఒక్క నిప్పురవ్వ చాలు. ఇళ్ళకు వచ్చే వాయువుకు దుర్వాసనగల పదార్థాన్ని కావాలని కలుపుతారు. బావుల నుంచి వచ్చే గొట్టాలలో అది కలిపి ఉండకపోవచ్చు. కనుక వాసన రానంత మాత్రాన లీకు లేదనుకోరాదు.

ఐర్లండు పడమటి తీరాన మేయో కౌంటీలో జరిగినది దీనితో పోల్చదగినది. సముద్రగర్భంలో 1996లో కనుగొన్న కోరిబ్ వాయువును శుద్ధి చేయకుండా ఊళ్ళ మధ్యగా గొట్టంలో తేవాలని మొదట తలపెట్టారు. ఇళ్ళకు సమీపంగా పోయే ఆ గొట్టం 345 బార్ల ఒత్తిడికి రూపొందించినది. రాస్‌పోర్టు గ్రామస్థులు అభ్యంతరం తెలిపారు. న్యాయస్థానపు ఉత్తర్వును పాటించనందుకు ఐదుగురు 2005లో 94 రోజులు చెరసాలలో ఉన్నారు. ఆ తరువాత స్వతంత్ర నిపుణుల సమీక్ష జరిగింది. ఒత్తిడిని 144 బార్లకు పరిమితం చేయాలని సూచన వచ్చింది. గొట్టం దారి మారింది. చివరికి అఖాతం అడుగున సొరంగం త్రవ్వి అందులోనుంచి తెచ్చారు. వాయువు ప్రవహించడం మొదలైనది 2015 డిసెంబరు చివరన. ఆ పోరాటంలో అందరిదీ ఒకే మాట కాదు. జాప్యం వల్ల ఖర్చు ఎన్నో రెట్లు పెరిగింది. అయితే మేయోలో ప్రశ్న ముందు పుట్టింది, మార్పు తరువాత వచ్చింది. నగరంలో మరణాలు ముందు సంభవించాయి, విచారణ తరువాత జరిగింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

నేల కుంగుతున్నదా?

రాతిలోని ద్రవాన్ని తోడివేస్తే, పైబరువును మోసే బాధ్యత రాతిరేణువుల మీదనే పడుతుంది. అవి నలిగి దగ్గరవుతాయి, నేల కుంగుతుంది. కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్ వద్ద విల్మింగ్టన్ చమురుక్షేత్రం పైన నేల 9 మీటర్ల దాకా కుంగింది. నీటిని తిరిగి లోనికి ఎక్కించిన తరువాత ఆ కుంగుదల ఆగింది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ వాయుక్షేత్రంలో భూకంపాలు వచ్చి ఇళ్ళు బీటలు వారడంతో ఉత్పత్తిని 2023లో ఆపివేశారు. గోదావరి డెల్టా విషయంలో ఆనకట్టలు ఒండ్రును ఆపివేయడం పెద్ద కారణమని పరిశోధనలు చెబుతున్నాయి. వాయువు తోడడం వల్ల కలిగే భాగమెంత అన్నదానిపై శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయం లేదు. సముద్రమట్టానికి మీటరో రెండు మీటర్లో ఎత్తున్న ఊళ్ళకు జానెడు కుంగుదలైనా లెక్కలోనిదే. ఏళ్ళ తరబడి నేల ఎత్తును కొలిచి, ఆ లెక్కలను ప్రజల ముందుంచడమే ఈ వివాదానికి పరిష్కారం.

చేయదగినవి

ఈ బావుల వల్ల కాకినాడ ఎరువుల కర్మాగారానికి ముడిపదార్థం లభించింది, విద్యుత్తు పుట్టింది, ఉద్యోగాలు వచ్చాయి. బొగ్గుతో పోలిస్తే సహజవాయువు దహనంలో సగం మేరకే బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కాని ఇంటి దీపమని ముద్దుపెట్టుకుంటే మూతి కాలక మానదు. నియమాలు పుస్తకాలలో చాలా ఉన్నాయి. వాటిని అడిగేవారు కావాలి. ఒకప్పుడు అన్వేషణకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరిగా ఉండేది. 2020 జనవరిలో కేంద్రప్రభుత్వం చేసిన సవరణతో అన్వేషణ దశలో ఆ అవసరం తొలగిపోయింది. ఉత్పత్తి దశలో ఆ అవకాశం ఉన్నది కనుక దానిని వదలుకోరాదు. గొట్టాలను చివరిసారి ఎప్పుడు పరీక్షించారో సమాచారహక్కు చట్టం క్రింద గ్రామస్థులు అడగవచ్చు.

ఇంటి మట్టుకు చేయదగినవి సులభమైనవే. నూతినీటిని ఏటా వేసవిలో ఒకసారి, వర్షాల తరువాత ఒకసారి పరీక్ష చేయించి ఫలితాలను భద్రపరచుకోవాలి. పాత లెక్క లేనిదే కొత్త మార్పు తెలియదు. నీటి మీద నూనెతెట్టు గాని, కిరోసిన్ వాసన గాని కనిపిస్తే ఆ నీటిని త్రాగడానికి, వంటకు వాడరాదు. కాచినంత మాత్రాన ఉప్పు గాని, లోహాలు గాని పోవు. గొట్టం పోయే దారిలో పాతిన హెచ్చరిక రాళ్ళ మీది అత్యవసర నంబరును ఇంటిగోడ మీద వ్రాసి ఉంచాలి. వాయువు లీకైనట్లు అనుమానం కలిగితే పొయ్యి వెలిగించరాదు, స్విచ్చి వేయరాదు, ఆర్పరాదు, మోటారుసైకిలు స్టార్టు చేయరాదు. గాలి ఎటునుంచి వీస్తున్నదో చూచి, దానికి అడ్డంగా, ఆపైన ఎదురుగా నడిచి దూరం పోవాలి. ఫోను చేయడం దూరం వెళ్ళిన తరువాతనే.

లూకన్ నుంచి కోనసీమకు వారం వారం ఫోను పోతూనే ఉంటుంది. మందులు వేసుకున్నారా, వానలు పడ్డాయా, కొబ్బరి ధర ఎలా ఉన్నది అన్న ప్రశ్నలు ఎలాగూ ఉంటాయి. ఈసారి మరొక్క ప్రశ్న చేర్చుకోవాలి: “నాన్నగారూ, మన ఇంటికి గొట్టం ఎంత దూరంలో ఉన్నదండీ?” ఆ పెద్దాయన గుమ్మం దాటి, నాలుగడుగులు వేసి, చూచి వచ్చి చెప్పే జవాబుతోనే జాగ్రత్త మొదలవుతుంది.